సైకిలు నడుమ ఇరుసు: వదులును గుర్తించుట, సరిచేసికొనుట

మోటారు వాహనములు ఎంతగా పెరిగినను, పల్లెటూళ్ళలో సైకిలుకు గల స్థానము ఇంకను పోలేదు. తెల్లవారకముందే పాలకేంద్రమునకు బయలుదేరు పాలవానికి, పొలమునకు నీరు కట్టబోవు రైతుకు, ప్రక్క ఊరి ఉన్నత పాఠశాలకు పోవు బాలికకు, సంతలో కూరలమ్ముకొను చిన్న వర్తకునకు అది నేటికిని నమ్మిన బంటే. దానికి పెట్రోలు అక్కరలేదు, మేత అక్కరలేదు, కావలసినది కొంచెము శ్రద్ధ మాత్రమే. బండి కట్టుటకు ముందు ఇరుసుకు కందెన పెట్టుట మన పెద్దలకు అలవాటు. కందెన లేని బండిని తోలువానిని ఊరంతయు నవ్వెడిది. ఆ శ్రద్ధను మనము సైకిలు ఇరుసుల యెడల చూపుటలేదు. తిరిగినన్నాళ్ళు తిరుగునని వదలివేసి, మూలుగు వినబడిన తరువాత దుకాణమునకు పరుగెత్తుచున్నాము.

మాకు తెలిసిన ఒక పాలవ్యాపారి కథ ఇచట చెప్పదగియున్నది. అతడు ప్రతి ఉదయము రెండు పాలక్యానులు కట్టుకొని, కాలువగట్టు మీదుగా పాలకేంద్రమునకు పోవుచుండెను. కొన్నాళ్ళకు త్రొక్కినప్పుడెల్ల సైకిలు నడుమ నుండి “టక్కు, టక్కు” మను చప్పుడు రాజొచ్చెను. దుకాణమువారు విని, “నడుమ ఇరుసు పోయినది” అని చెప్పి, ఇరుసును, కప్పులను, గుండ్లను అన్నిటిని మార్చిరి. డబ్బు ఖర్చయినది, ఒక పూట బేరము పోయినది, మరునాడు చప్పుడు మాత్రము మరల వచ్చినది. మూడవనాడు గట్టు ఎక్కుచుండగా ఎడమ క్రాంకు జారి, కాలు తప్పి, సైకిలు పడిపోయి పాలన్నియు నేలపాలయ్యెను. తరువాత పరిశీలించి చూడగా తేలిన దేమనగా, మొదటినుండియు ఇరుసులో దోష మేమియు లేదు. ఎడమ క్రాంకును ఇరుసుకు బిగించు చిన్న కాటరు పిన్ను అరిగి వదులై యుండెను. పాత ఇరుసు నిక్షేపముగా నున్నది.

ఈ కథలోని నీతి ఒక్కటే. వదులు ఎక్కడ ఉన్నదో తేల్చుకొనక ముందు పాన చేతబట్టరాదు. వదులు ఉన్నచోటు తెలిసినచో సగము పని అయినట్లే. మిగిలిన సగము ఓర్పుతో ఇంటివద్దనే చేసికొనవచ్చును.

నడుమ ఇరుసు నిర్మాణము

సైకిలు చట్రమునకు అట్టడుగున, సీటు గొట్టమును క్రింది గొట్టమును కలియుచోట, అడ్డముగా ఒక పొట్టి గొట్టము ఉండును. దీనినే మన దుకాణములలో “బి.బి.” అందురు. ఈ గొట్టములో ఒక ఉక్కు ఇరుసు తిరుగుచుండును. ఇరుసు రెండు కొనలకు రెండు క్రాంకులు, క్రాంకుల చివర పెడళ్ళు ఉండును. కుడి క్రాంకుకు చైను చక్రము అతికియుండును. వెనుక చక్రమును చైనుతో త్రిప్పు ఈ ఏర్పాటు, ఇంగ్లండులోని కొవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ 1885లో తయారుచేసిన రోవరు సైకిలుతో లోకమున స్థిరపడినది. నేటి సైకిలు దాని సంతతియే.

ఇరుసు గొట్టమును తాకదు. గొట్టమునకు ఇరువైపుల మరతో బిగించిన రెండు ఉక్కు కప్పులు ఉండును. ఇరుసు మీద రెండుచోట్ల ఏటవాలు అంచులు ఉండును. కప్పుకును ఆ అంచుకును నడుమ ఉక్కు గుండ్లు దొర్లుచుండును. రాచుకొనుటకంటె దొర్లుట తేలిక గదా! బరువైన దుంగను ఈడ్చుటకు బదులు క్రింద గుండ్రని కర్రలు వేసి దొర్లించు ఉపాయమే ఇది. సైకిలులో గుండ్ల బేరింగును వాడుటకు పారిస్ నగరమునకు చెందిన జూల్ సురిరే 1869లో పేటెంటు పొందెను. నాటినుండి సైకిలు త్రొక్కుట ఎంతో తేలికయైనది.

మన పెద్ద సైకిళ్ళలో సాధారణముగా ఒక్కొక్క వైపున కాలంగుళము, అనగా 6.35 మిల్లీమీటర్ల వ్యాసముగల గుండ్లు పదకొండు చొప్పున, మొత్తము ఇరువదిరెండు ఉండును. కొన్నిటిలో గుండ్లను రేకు చట్రములో బిగించి పెట్టుదురు. అట్టివానిలో గుండ్ల సంఖ్య తక్కువగా నుండును.

రెండు కప్పులు ఒకేవిధమైనవి కావు. కుడివైపు కప్పు, అనగా చైను వైపుది, స్థిరముగా బిగించి వదలివేయవలసినది. ఎడమవైపు కప్పు ముందునకు వెనుకకు త్రిప్పి సరిచేయుటకు వీలైనది. ఎడమ కప్పు కదలకుండ దాని మీద ఒక లాకు రింగు ఉండును. మరియొక విశేషము కలదు. బ్రిటిషు పద్ధతిలో తయారైన బండ్లలో కుడివైపు కప్పుకు ఎడమ మర ఉండును. సామాన్యమైన మరను గడియారపు ముల్లు తిరుగు దిశలో త్రిప్పిన బిగియును. ఈ కప్పును ఆ దిశలో త్రిప్పినచో ఊడివచ్చును. బరువు పడి గుండ్లు దొర్లునప్పుడు కప్పు ఇరుసు తిరుగు దిశకు వ్యతిరేకముగా మెల్లమెల్లగా జరుగుటకు చూచును. కుడివైపున ఎడమ మర ఉన్నందున ఆ జరుగుట కప్పును వదులు చేయక బిగించును. ఇది తెలియక బలప్రయోగము చేసి మరను చెడగొట్టుకొన్నవారు చాలమంది కలరు.

వదులు ఎందుకు ఏర్పడును?

వెనుక చక్రము పెద్దదైన సైకిలులో పెడలు ఒక్క చుట్టు తిరిగినప్పుడు బండి సుమారు అయిదు మీటర్లు ముందునకు పోవును. రోజునకు ఇరువది కిలోమీటర్లు త్రొక్కువాని ఇరుసు నాలుగు వేల చుట్లకు దగ్గరగా తిరుగును. ప్రతి చుట్టులోను కుడికాలు ఒకసారి, ఎడమకాలు ఒకసారి త్రొక్కును. ఇంత పనిలో ఉక్కు సయితము కొంత అరుగుట సహజమే. అట్టి సహజమైన అరుగుదలకు సంవత్సరముల కాలము పట్టును. నెలలలోనే పాడగుటకు వేరు కారణములు కలవు.

మొదటిది నీరు. సైకిలు చట్రములో బి.బి. గొట్టము అన్నిటికంటె క్రింద నుండును. సీటు గొట్టము పైనుండి దిగిన వాననీరంతయు అక్కడికే చేరి నిలుచును. వాగు దాటునప్పుడును, చెరువులో దింపి బండిని కడుగునప్పుడును నీరు నేరుగా లోనికి పోవును. గ్రీజు కొట్టుకొనిపోయి గుండ్లకు తుప్పు పట్టును.

రెండవది దుమ్ము. బండ్లబాట దుమ్ము పాతగ్రీజులో కలిసి సానపొడివలె పనిచేయును. అది దొర్లు గుండ్లను, కప్పులను రాత్రింబవళ్ళు నూరుచుండును.

మూడవది మన అలసత్వము. కొద్దిపాటి వదులు పుట్టినప్పుడే సరిచేయనిచో, బరువు అన్ని గుండ్ల మీద సమానముగా పడక ఒకటి రెండింటి మీదనే పడును. త్రొక్కినప్పుడెల్ల ఆ గుండ్లు కప్పును సుత్తివలె కొట్టును. ఉక్కు కప్పులకును, ఇరుసు అంచులకును పైపొర మాత్రమే గట్టిది. ఆ పొరలో ఒక్క గుంట పడినచో, దాని అంచులు రాలి, రాలిన పొడి మరిన్ని గుంటలు చేయును. మొదట రింగును కొంచెము బిగించిన సరిపోవు దోషము, ఆరు నెలలకు ఇరుసుతో సహా మార్చవలసిన దోషమగును.

వదులు ఎక్కడ ఉన్నది? నాలుగు పరీక్షలు

సైకిలు చట్రము బోలు గొట్టములతో చేసినది. ఒకచోట పుట్టిన చప్పుడు గొట్టముల వెంట ప్రాకి మరియొకచోట పుట్టినట్లు వినిపించును. సీటు బోల్టు వదులైనను, పెడలు ఎండినను, చైను చక్రము వంగినను చప్పుడు నడుమ ఇరుసులోనే ఉన్నదనిపించును. అందుచేత చెవిని నమ్మక చేతిని నమ్మవలెను. ఈ క్రింది పరీక్షలను వరుసగా చేయవలెను. వీనికి ఏ పనిముట్టును అక్కరలేదు.

ఒకటి: పెడలు పరీక్ష. సైకిలును స్టాండు మీద నిలిపి, క్రాంకును ఒక చేత గట్టిగా పట్టుకొని, రెండవ చేత పెడలును ఇటునటు ఊపవలెను. క్రాంకు కదలక పెడలు మాత్రము ఆడినచో దోషము పెడలులోనిదే. పెడలు క్రాంకులోనికి పూర్తిగా బిగిసియున్నదో లేదో కూడ చూడవలెను. ఎడమ పెడలుకు ఎడమ మర ఉండునని మరువరాదు.

రెండు: కాటరు పరీక్ష. క్రాంకులను నేలకు సమాంతరముగా, ఒకటి ముందునకు ఒకటి వెనుకకు ఉండునట్లు నిలిపి, రెండు పెడళ్ళను రెండు చేతులతో ఒక్కసారిగా బలముగా క్రిందికి నొక్కవలెను. తరువాత క్రాంకులను అరచుట్టు త్రిప్పి, ముందున్నది వెనుకకు వచ్చునట్లు చేసి, మరల నొక్కవలెను. నొక్కినప్పుడు ఒక క్రాంకు కొంచెము జారినట్లు, “టక్కు” మన్నట్లు తోచినచో ఆ వైపు కాటరు పిన్ను వదులైనది. పైన చెప్పిన పాలవ్యాపారి ఈ ఒక్క పరీక్ష చేసియున్నచో అతని పాలు నేలపాలయ్యెడివి కావు.

మూడు: ఇరుసు పరీక్ష. రెండు క్రాంకుల చివరలను రెండు చేతుల పట్టుకొని, ఒకదానిని చట్రము వైపునకు నెట్టుచు రెండవదానిని కూడ చట్రము వైపునకే నెట్టి, మరల రెండింటిని బయటకు లాగి చూడవలెను. ఒకవైపు క్రాంకు ఊగినప్పుడు రెండవవైపు క్రాంకు కూడ దానితోపాటు ఊగినచో, ఇరుసే బేరింగులలో ఆడుచున్నదని నిశ్చయము. ఒక్కటి మాత్రమే ఊగి రెండవది నిశ్చలముగా నున్నచో మరల కాటరు పిన్నునే అనుమానింపవలెను. బేరింగు దగ్గర వెండ్రుకవాసి వదులు క్రాంకు చివర సుమారు మూడింతలై కనబడును. కావున చివరనే పట్టుకొని పరీక్షింపవలెను. ఈ పరీక్షను క్రాంకులను నాలుగు స్థానములలో నిలిపి నాలుగుసార్లు చేయవలెను. ఒకచోట బిగువుగాను మరియొకచోట వదులుగాను ఉన్నచో ఇరుసు వంగియుండవచ్చును, లేదా ఒకప్రక్కగా అరిగియుండవచ్చును.

ఇరుసు ఊగుచున్నదని తేలినప్పుడు కప్పులను కూడ దగ్గరగా చూడవలెను. కుడి కప్పే గొట్టములో కదలుచున్నచో, దానిని గడియారపు ముల్లునకు వ్యతిరేకదిశలో గట్టిగా బిగింపవలెను. ఎడమ లాకు రింగు చేతితోనే తిరుగుచున్నచో వదులునకు కారణము అదియే.

నాలుగు: గరుకు పరీక్ష. చైనును చక్రము నుండి తప్పించి, క్రాంకును మెల్లగా చేతితో త్రిప్పుచు, రెండవ అరచేతిని బి.బి. గొట్టము మీద ఆనింపవలెను. లోపల నున్నగా తిరిగినచో విప్పనక్కరలేదు. వదులును సరిచేసిన చాలును. ఇసుక నూరినట్లు కరకరలాడినను, నడుమ నడుమ పట్టుకొన్నట్లు ఆగినను విప్పి శుభ్రపరచవలసినదే. గరుకుగా తిరుగు బేరింగును పైనుండి బిగించుట, ముల్లు గ్రుచ్చుకొన్న కాలికి గట్టి చెప్పు తొడిగినట్లగును.

విప్పకుండ సరిచేయుట

ఇరుసు వదులుగా నున్నను నున్నగా తిరుగుచున్నచో పని పది నిమిషములది. ఇందులకు లాకు రింగు గాళ్ళలో పట్టు కొక్కెపు పాన యొకటి, ఎడమ కప్పును పట్టు పాన యొకటి కావలెను. ఉలితోను సుత్తితోను రింగును కొట్టి త్రిప్పుట మన పల్లెలలో పరిపాటి. దానివలన గాళ్ళు చితికి, తరువాత ఏ పానకును పట్టు దొరకదు. నలుగురు యువకులు కలిసి ఒక పాన కొని, గ్రామ యువజన సంఘములో ఉంచుకొన్నచో ఊరంతటికి ఉపయోగపడును.

మొదట లాకు రింగును గడియారపు ముల్లునకు వ్యతిరేకదిశలో త్రిప్పి వదులు చేయవలెను. తరువాత ఎడమ కప్పును గడియారపు ముల్లు దిశలో కొంచెము కొంచెముగా లోనికి త్రిప్పవలెను. ఒక్కసారికి చుట్టులో ఎనిమిదవ వంతుకంటె ఎక్కువ త్రిప్పరాదు. త్రిప్పినప్పుడెల్ల ఇరుసు పరీక్ష చేయుచు, ఊగుట ఆగినచోట నిలుపవలెను. అటుపై కప్పు కదలకుండ ఒక పానతో పట్టుకొని, రెండవ పానతో లాకు రింగును గట్టిగా బిగింపవలెను. రింగు బిగియునప్పుడు కప్పు కొంచెము జరుగుట సహజము. కావున బిగించిన తరువాత మరల పరీక్షించుట తప్పనిసరి. రెండు మూడు మార్లు ప్రయత్నించినగాని సరియైన బిగువు కుదరదు; దీనికి విసుగుకొనరాదు.

సరియైన బిగువునకు గుర్తు ఇది. క్రాంకు చివరలు పట్టి ఊపిన ఏమాత్రము ఊగరాదు. చైను లేకుండ త్రిప్పి వదలినచో కొన్ని చుట్లు తేలికగా తిరిగి మెల్లగా ఆగవలెను. ఊగినచో వదులు; చప్పున ఆగినచో బిగువు. అతిబిగువు వదులుకంటె తక్కువ హాని చేయునని భావింపరాదు. అది గుండ్లను నలిపి, త్రొక్కువాని కాళ్ళను కూడ నలుపును.

విప్పి శుభ్రపరచుట

దుకాణములలో “ఓవరాయిలింగు” అని పిలుచు పనిలో ఇది ముఖ్యభాగము. దీనికి పైన చెప్పిన పానలు, నట్టుకు తగిన పాన, సుత్తి, చిన్న ఇత్తడి లేక గట్టికర్ర ముక్క, బరువుకు ఆగు ఒక ఇనుప గొట్టపు ముక్క, కిరసనాయిలు, పాత గుడ్డలు, గ్రీజు, వెడల్పైన పళ్ళెము కావలెను. గుండ్లు కనుక క్రొత్తవి ముందుగానే కొనియుంచుకొనుట మేలు.

కాటరు పిన్నులు తీయుట: అన్నిటికంటె జాగ్రత్త కావలసిన పని ఇదియే. ముందునాటి రాత్రి పిన్నులకు కొంచెము నూనె పట్టించి ఉంచవలెను. మరునాడు నట్టును పూర్తిగా తీసివేయక, మర కొనతో సమముగా వచ్చువరకు మాత్రము వదులు చేయవలెను. అట్లు చేసినచో సుత్తి దెబ్బకు మర చెడదు. తరువాత క్రాంకు క్రింద, పిన్ను తల గొట్టపు ముక్క రంధ్రములోనికి వచ్చునట్లు నిలిపి, గొట్టము రెండవ కొనను నేలమీది రాతిపై ఆనించి, నట్టు మీద ఇత్తడి ముక్క పెట్టి, సూటిగా ఒక గట్టిదెబ్బ కొట్టవలెను. పది మెత్తని దెబ్బలకంటె ఒక గట్టిదెబ్బ మేలు. క్రింద ఆధారము లేకుండ కొట్టినచో ఆ దెబ్బ అంతయు ఇరుసు ద్వారా గుండ్ల మీద పడి, కప్పులలో గుంటలు పడును. బాగుచేయబోయి చెడగొట్టుట అనగా ఇదియే.

ఇరుసు మీది అంచులు కుడి కప్పు రంధ్రముకంటె పెద్దవి. అందుచేత ఇరుసు ఎడమవైపునకే వచ్చును గాని కుడివైపునకు రాదు. కనుక రెండు క్రాంకులను తీయక తప్పదు.

గుండ్లు తీయుట: సైకిలు క్రింద పళ్ళెముంచి, దానిపై గుడ్డ పరచవలెను. లాకు రింగును, ఎడమ కప్పును తీసి, ఇరుసును మెల్లగా ఎడమవైపునకు లాగవలెను. ఇరుసు రెండు కొనలు అన్ని బండ్లలో సమానముగా నుండవు. చైను వైపు కొన సామాన్యముగా కొంచెము పొడవు. ఏ కొన ఎటు ఉన్నదో గుర్తు పెట్టుకొనవలెను. ఎడమవైపు గుండ్లను, కుడివైపు గుండ్లను వేరువేరుగా లెక్కించి వ్రాసికొనవలెను. రేకు చట్రములో గుండ్లున్నచో చట్రము ఏ ముఖము ఎటు ఉన్నదో చూచుకొనవలెను. కుడి కప్పు బాగుగా నున్నచో దానిని తీయరాదు. ఉన్నచోటనే గుడ్డతో తుడువవలెను.

పరిశీలన: అన్నిటిని కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, వెలుతురులో చూడవలెను. గొట్టము లోపలి తుప్పును, మట్టిని కూడ తుడువవలెను. కప్పులోను, ఇరుసు అంచు మీదను గుండ్లు దొర్లినచోట ఒక మెరుపుగీత కనబడును. ఆ గీత నున్నగా నున్నచో భాగము మంచిదే. గోరుతో రాచిన తగులునట్టి గుంటలున్నచో మార్చవలసినదే. ఇరుసు వంగినదో లేదో తెలియుటకు దానిని అద్దపుపలక మీద దొర్లించి చూడవలెను.

గుండ్లను మాత్రము, బాగుగా కనబడినను, అన్నిటిని ఒకేసారి మార్చవలెను. పాతవానిలో ఒకటి రెండు క్రొత్తవి కలుపుట తప్పు. క్రొత్త గుండు పాతదానికంటె వెండ్రుకవాసి పెద్దది. బరువంతయు దానిమీదనే పడి అది పగులును. భాగములన్నిటిలోను చౌకయైనది గుండే. దానికి పిసినారితనము చూపి, ఖరీదైన ఇరుసును పోగొట్టుకొనరాదు.

క్రొత్త కప్పు గాని ఇరుసు గాని కొనునప్పుడు పాతదానిని చేతబట్టుకొని పోవలెను. బ్రిటిషు పద్ధతి కప్పులలో పలువురు తయారీదారులు అంగుళమునకు 24 చుట్లు గల మరను వాడిరి. రాలీ కంపెనీ తన పాతబండ్లలో 26 చుట్ల మరను వాడెను. చూచుటకు రెండును ఒక్కటే. ఒకదానిలో మరియొకదానిని బలవంతముగా ఎక్కించినచో చట్రము మరయే పాడగును. చట్రము మర పోయిన సైకిలును నిలబెట్టుట కష్టము.

మరల బిగించుట: రెండు కప్పులలోను గ్రీజు నిండుగా పెట్టి, అందులో గుండ్లను ఒక్కొక్కటిగా అదుమవలెను. గ్రీజే వానిని జారకుండ పట్టియుంచును. వరుస పూర్తియైన తరువాత ఒక గుండు పట్టీపట్టనంత సందు మిగులవలెను. సందు లేకుండ ఇరికించినచో గుండ్లు ఒకదానినొకటి రాచుకొనును. రేకు చట్రము వాడినచో, దాని మూసియున్న వీపు ఇరుసు నడుమ వైపునకును, గుండ్లు తెరచియున్న ముఖము కప్పులోనికిని ఉండవలెను. ఇరుసును ఎడమనుండి లోనికి పోనిచ్చి, కుడి గుండ్ల మీద సరిగా కూర్చుండినదని తెలిసికొని, ఎడమ కప్పును చేతితోనే ఎక్కింపవలెను. మర చేతితో ఎక్కనిచో అడ్డముగా పట్టుచున్నదని అర్థము. తీసి మరల ఎక్కింపవలెను. బిగువు కుదుర్చు పద్ధతి పైన చెప్పినదే.

కాటరు పిన్నులు పెట్టునప్పుడు పిన్ను చదును ముఖము ఇరుసు మీది చదునుకు సరిగా ఆనవలెను. రెండు పిన్నులు ఒకదానికొకటి ఎదురుదిశలలో ఉండవలెను. అనగా కుడి క్రాంకు ముందునకున్నప్పుడు దాని నట్టు పైకి ఉన్నచో, ఎడమ క్రాంకు ముందునకు వచ్చినప్పుడు దాని నట్టు కూడ పైకే ఉండవలెను. ఇది తప్పినచో రెండు క్రాంకులు ఒక్క వరుసలో నిలువవు. క్రింద గొట్టపు ఆధారముంచి, పిన్నును సుత్తితో దిగగొట్టి, తరువాతనే నట్టు బిగింపవలెను. పిన్నును పట్టి ఉంచుటయే నట్టు పని. దానిని లోనికి లాగుట కాదు. ఇరువది ముప్పది కిలోమీటర్లు త్రొక్కిన తరువాత పిన్నును మరియొకసారి దిగగొట్టి నట్టు బిగింపవలెను. ఈ చివరి పనిని మరచుటవలననే క్రొత్త పిన్నులు సయితము త్వరలో వదులగుచున్నవి.

ఇటీవలి కొన్ని బండ్లలో కాటరు పిన్నులు లేక, చతురస్రపు ఇరుసుకు బోల్టుతో బిగించు క్రాంకులు ఉన్నవి. కొన్నిటిలో గుండ్లన్నియు మూసిన పెట్టెవంటి ఒకే బేరింగుగా వచ్చును. దానిని విప్పి శుభ్రపరచుటకు వీలులేదు. చెడినప్పుడు మొత్తము మార్చవలెను. పరీక్షలు మాత్రము వీనికి కూడ వర్తించును.

చేయరాని పనులు

బేరింగులో కిరసనాయిలు పోసి, చప్పుడు తగ్గినదని సంతోషింపరాదు. కిరసనాయిలు కడుగునదేగాని కందెన కాదు. ఉన్న గ్రీజును కూడ కడిగివేయును.

ఆముదము, కొబ్బరినూనె వంటివి పోయరాదు. అవి కొన్నాళ్ళకు జిగురై, దుమ్మును పట్టుకొనును. బి.బి. గొట్టము మీద నూనె రంధ్రమున్నచో యంత్రములకు వాడు పలుచని నూనె కొన్ని చుక్కలు వేసి, రంధ్రపు మూతను మరల మూయవలెను.

బండిని చెరువులోనికి దింపి కడుగరాదు. తడిగుడ్డతో తుడిచిన చాలును.

క్రాంకు వదులుగా నున్నదని తెలిసియు, వెనుక బిడ్డను గాని బరువును గాని కట్టుకొని త్రొక్కరాదు. గట్టు ఎక్కునప్పుడు బరువంతయు ఒక్క కాలిమీద పడును; క్రాంకు జారునది అప్పుడే.

లక్షణము, కారణము, చికిత్స

రెండు క్రాంకులు కలిసి ఊగి, నున్నగా తిరిగినచో: బేరింగు వదులు. ఎడమ కప్పును, లాకు రింగును సరిచేయవలెను.

రెండు క్రాంకులు కలిసి ఊగి, కరకరలాడినచో: గుండ్లు లేక కప్పులు చెడినవి. విప్పవలెను.

ఒక్క క్రాంకే ఊగినచో: ఆ వైపు కాటరు పిన్ను. దిగగొట్టి బిగింపవలెను; అరిగినచో మార్చవలెను.

సరిచేసిన కొలదిదినములకే మరల వదులైనచో: లాకు రింగు చాలినంత బిగియలేదు, లేదా కుడి కప్పు కదలుచున్నది.

ఒకచోట బిగువు, మరియొకచోట వదులు ఉన్నచో: ఇరుసు వంగినది లేక అరిగినది. మార్చవలెను.

త్రొక్కినప్పుడు చప్పుడు వచ్చి, పై పరీక్షలన్నిటిలో దోషము కనబడనిచో: సీటు బోల్టును, చైను చక్రమును చూడవలెను.

ముగింపు

సంవత్సరమునకు ఒకసారి, వానకాలము వెళ్ళిన తరువాత, నడుమ ఇరుసును విప్పి శుభ్రపరచుట, నెలకొకసారి రెండు నిమిషములు వెచ్చించి క్రాంకులను ఊపి చూచుట అలవాటు చేసికొన్నచో ఇరుసు చాలకాలము మన్నును. కష్టమైన పనికి దుకాణమునకు పోవుటలో తప్పు లేదు. నిపుణుడైన మేస్త్రీ చేతిపని మన చేతిపనికంటె మిన్న. కాని “చప్పుడు వచ్చుచున్నది, చూడుము” అని బండిని అప్పగించువానికిని, “ఎడమ కాటరు పిన్ను వదులైనది, మార్చుము” అని చెప్పి అప్పగించువానికిని చాల భేదము కలదు. మొదటివాడు అడిగినంత ఇచ్చును. రెండవవాడు అయినంత ఇచ్చును.

ఆ పాలవ్యాపారి నేడు ప్రతి ఆదివారము క్యానులు కడిగిన తరువాత క్రాంకులను రెండు చేతుల పట్టి ఊపి చూచుకొనుచున్నాడు. తీసివేసిన పాత ఇరుసును గుడ్డలో చుట్టి దాచియుంచినాడు. అవసరమైననాడు మరల వేసికొనవచ్చునని అతని ధైర్యము. ఇంతవరకు ఆ అవసరము రాలేదు.

అభ్యాసమునకు ప్రశ్నలు

1. కుడివైపు కప్పుకు ఎడమ మర ఎందుకు పెట్టిరి? దానిని ఏ దిశలో త్రిప్పిన బిగియును?

2. కాటరు పిన్ను వదులుకును బేరింగు వదులుకును భేదమును ఏ పరీక్షల వలన తెలిసికొందురు?

3. క్రాంకు క్రింద ఆధారము లేకుండ కాటరు పిన్నును కొట్టినచో కలుగు నష్టమేమి?

4. పాత గుండ్లతో క్రొత్త గుండ్లను ఎందుకు కలుపరాదు?

5. మీ ఇంటి సైకిలుకు నాలుగు పరీక్షలు చేసి, కనుగొన్న విషయములను వ్రాయుడు.